రూం టెంపరేచర్

నాకు తెలివెక్కువ. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఒకరికి బీపీ ఎక్కువ, ఇంకొకరికి షుగర్ ఎక్కువ అన్నట్టే మా షెడ్డులో నా గురించి చెప్పుకునేవారు. "కొత్తగొచ్చిన షెకీనా మేడమా? మంచిదే గానీ, జర తెలివెక్కువ." విన్నవాళ్లు అయ్యో పాపం అన్నట్టు తలలూపేవారు.

మా షెడ్డు అంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన, విమానాల్లోకి ఎక్కే సరుకును ఆపి ఉంచే గోదాము. మందులు, టీకాలు, ఆసుపత్రుల నుంచి ల్యాబులకు పోయే నమూనాలు ఎక్కువగా వస్తాయి. కౌంటర్లో కూర్చుని కాగితాలు చూసి సరుకు తీసుకోవడం నా పని. నేను చదివింది ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ఒక మందుల కంపెనీలో నాలుగేళ్లు చేశాను. అక్కడ మేనేజరుతో పడలేదు. తప్పు అతనిదే, కానీ నోరు నాది. అది మానేసి ఇంటికి దగ్గరని ఇందులో చేరాను. మాది తొండుపల్లి, స్కూటీ మీద పది నిమిషాలు.

చేరిన మొదటి వారంలోనే నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. మా సూపర్‌వైజరు మొగులయ్య. ఎయిర్‌పోర్టు బేగంపేటలో ఉన్న రోజుల నుంచీ మూటలు మోసి, పదో తరగతి చదువుతో ఈ కుర్చీ దాకా వచ్చిన మనిషి. ఆయన పెద్దాఫీసుకు పంపిన మెయిల్లో టెంపరేచర్ స్పెల్లింగు తప్పుంది. నేను దాన్ని దిద్ది, దిద్దిన సంగతి కూడా రాసి, తిరిగి పంపాను. ఆయన ఒక్కడికే పంపినా బాగుండేది. అందరికీ పంపాను! ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం మంచి పని చేశాననుకుని టీ తాగడానికి వెళ్లాను.

 మర్నాడు ఆయన టీ దగ్గర పదిమంది ఉండగా ఆకాశం వైపు చూస్తూ అన్నాడు. "అన్నీ తెలిసినమ్మ అమాసనాడు సచ్చిందంట. ఏం తెల్వనమ్మ ఏకాశినాడు సచ్చిందంట." అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే నా పేరు మారిపోయింది. ఆ రోజు నుంచి నేను 'మేధావి మేడం'. ప్రింటరు ఆగిపోతే 'మేధావి మేడాన్ని పిలువుండ్రి'. వాన పడితే 'ఎప్పుడు ఆగుతదో మేధావి మేడాన్ని అడుగుండ్రి'. నేను ప్రింటరు బాగుచేస్తే ఎవరికీ నచ్చేది కాదు. చేయకపోతే పండగ.

దాని తర్వాత రూం గొడవ వచ్చింది. ఇది జర వివరంగా చెప్పాలి.

మా షెడ్డులో ఒక చల్లటి గది ఉంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. తలుపు మీద దానికి పెద్ద ఇంగ్లీషు పేరే రాశారు గానీ ఆ పేరు ఎవరి నోటా పలకదు. అందరికీ అది 'రూం'. 'రూంల పెట్టు', 'రూంలకెల్లి తియ్యి', 'రూంల జాగ లేదు'. షెడ్డులో రూం అంటే అదొక్కటే. మామూలు ఏసీ ఉన్న పెద్ద భాగాన్ని హాలు అంటారు. ఇక కొన్ని డబ్బాల మీద 'రూం టెంపరేచర్' అని ఉంటుంది. అంటే పదిహేను నుంచి ఇరవై ఐదు డిగ్రీలు, మామూలుగా మనుషులు కూర్చునే గది వేడి. అలాంటి డబ్బా హాల్లో ఉండాలి. కానీ కౌంటర్ నుంచి వాకీటాకీలో "రూం టెంపరేచర్ సరుకు వస్తుంది" అని చెబితే లోపల లోడర్లకు ఏం అర్థమవుతుంది? రూంలో ఉండే టెంపరేచర్. అంటే రూంలో పెట్టాలి. పెట్టేవాళ్లు. చల్లటి గదిలో! వాళ్లను అనడానికి లేదు. షెడ్డు భాష ప్రకారం వాళ్లే కరెక్టు.

చేరిన నెలకే నేను ఇది కనిపెట్టాను. మళ్లీ మెయిల్ రాశాను. ఇకనుంచి ఆ మాట పలకొద్దు, 'హాలు సరుకు' అని చెప్పుకుందాం అని. ఇంత చిన్న సంగతికి రెండు పేజీలు రాశాను. అందులో ఒక పట్టిక కూడా ఉంది. మొగులయ్య ఆ మెయిల్‌ను ప్రింటు తీయించి, చేత్తో పట్టుకుని వచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఏండ్ల సంది గిట్లనే నడుస్తుంది మేడం. ఎన్నడన్న విమానం కూలిందా?"

కూలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కూడా. మాకు వచ్చే అలాంటి సరుకంతా గోలీలు, సిరప్పులు. రెండు గంటలు చలిలో ఉన్నంత మాత్రాన గోలీకి జలుబు చేయదు. నేను మాత్రం, "రూలు రూలే సార్" అన్నాను. ఆయన, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నాతో మాట్లాడటం దాదాపు మానేశారు. తిట్టారా అంటే తిట్టలేదు. గొడవ పెట్టుకున్నా బాగుండేది, గొడవలో నేను గట్టిదాన్ని. వాళ్లు నేను రాగానే మాట మార్చేవారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ప్యాకింగు మూలన పాత అట్టపెట్టెలు విప్పి నేల మీద పరిచి, గుండ్రంగా కూర్చునేవారు. డబ్బా మూతల్లో కూరలు పంచుకునేవారు. నేను వెనక ఇనుప మెట్ల మీద కూర్చుని, లారీలు వెనక్కి తిరగడం చూస్తూ తినేదాన్ని. ఎండాకాలం ఆ మెట్టు కాలిపోయేది. ఒక రోజు నా డబ్బాలో అమ్మ వేసిన చింతకాయ తొక్కు చూసి, ఇది ఎవరికైనా పెట్టాలని ఎంతగా అనిపించిందంటే, కళ్లలో నీళ్లు తిరిగాయి. తొక్కు కారం అనుకుని తుడుచుకున్నాను. కాదు, ఏడ్చాను. ముప్పై ఏళ్లు దాటినదాన్ని తొక్కు పెట్టడానికి మనిషి లేక ఏడ్చాను.

మా అమ్మ ప్రేమావతి అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. ఆమెకు నా ముఖం చూస్తే చాలు.

"ఏంది బిడ్డా, ఇవాళ ఎవర్ని దిద్దినవ్?"

"ఎవర్నీ దిద్దలే."

"ఆదివారం పాస్టరు గారు వచనం నంబరు తప్పు జెప్తే కూసున్నకాడికెల్లి అరిచినవ్. నేను ముసుగు మూతికి కప్పుకున్న. నోరు మంచిదైతే ఊరు మంచిదయితదంటరు. నీకు తెలిసిందంత గప్పుడే కక్కాలెనా? జర దాసుకో."

దాచుకోవడం. అది నాకెప్పుడూ తట్టలేదు. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే, అంతకన్నా సులువైన పని లేదనిపించింది.

సోమవారం నాడే మొదలుపెట్టాను. నా పక్క కౌంటర్లో కూర్చునేది ప్రసన్నలక్ష్మి అక్క. నాకన్నా పదేళ్లు పెద్ద, మనసు మంచిది, నేనంటే భయం. ఆమె ఒక కాగితం తిప్పి చూస్తూ తనలో తనే, "గీ గుర్తు ఏందో" అంది. అది ఏంటో నాకు తెలుసు. ఎందుకు పెడతారో, ఎప్పటి నుంచి పెడుతున్నారో కూడా తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. నోరా వీపుకు తేకే అనుకుని మింగేశాను.

"నాకు గూడ తెల్వదక్కా. నీకెట్లనన్న తెల్సే ఉంటది, జర గుర్తు చేస్కో."

ఆమె ముఖం వెలిగిపోయింది! కాసేపు ఆలోచించి, గుర్తు గురించి సగం తప్పు, సగం ఒప్పు చెప్పింది. నేను ఔనా అక్కా, ఔనా అన్నాను. ఆ సాయంత్రం ఆమె తనకోసం తెచ్చుకున్న టీతో పాటు నాకూ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎనిమిది నెలల్లో నాకు షెడ్డులో ఎవరైనా టీ తేవడం అదే మొదటిసారి.

తర్వాత తర్వాత అలవాటైపోయింది. 'తెల్వదన్నా', 'తెల్వదక్కా'. తెలిసిన సంగతులు అడిగి తెలుసుకున్నాను. ఈ అలవాటు పడిన రెండో నెలలో మొగులయ్య నన్ను మేడం అనడం మానేసి షెకీనమ్మా అన్నాడు. నేనూ సార్ మానేసి అన్నా అన్నాను. ఉపేందర్ అని ఒక లోడరు ఉన్నాడు. కాంట్రాక్టు మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి, డబ్బా ఎత్తితే కోడిగుడ్డు ఎత్తినట్టు ఎత్తుతాడు. ఒక మధ్యాహ్నం అతను మెట్ల దగ్గరికి వచ్చి, "గీడ ఒక్కదానివే ఏం జేస్తవక్కా, లోపటికి రా" అన్నాడు. నా డబ్బా తనే పట్టుకుని నడిచాడు. అట్టల మీద ప్రసన్నలక్ష్మి అక్క జరిగి చోటిచ్చింది. ఆ రోజు ఏం కూర తిన్నానో కూడా తెలియలేదు. సంతోషంతో ఇంటికొచ్చి అమ్మకు రెండుసార్లు చెప్పాను, ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా.

ఇక పోయిన నెల, నా పుట్టినరోజు. వారం ముందు నుంచే ఉపేందర్, "బగారన్నం లేకుంటే లోపటికి రానియ్యమక్కా" అని ఏడిపిస్తున్నాడు. అమ్మ తెల్లవారుజామునే లేచి బగారన్నం, కోడికూర చేసింది. పెద్ద స్టీలు క్యారేజీ స్కూటీ ముందు పెట్టుకుని, గుంతలు చూసుకుంటూ వెళ్లాను.

పదకొండున్నరకు టీకాల డబ్బాలు లెక్క చూడటానికి చల్లటి గదిలోకి వెళ్లాను. మూడో అరలో, చెప్పుల డబ్బా అంతటి తెల్లటి థర్మాకోల్ పెట్టె కనబడింది. పైన అతికించిన కాగితం చదివాను. 'స్వరాజ్యం, 46, స్త్రీ. ఎముక మూలుగ. రూం టెంపరేచర్. ఫ్రిజ్‌లో పెట్టరాదు.'

మళ్లీ చదివాను.

ఎముక మూలుగ అంటే, నడుము వెనక ఎముకలోకి లావుపాటి సూది దించి, లోపలి గుజ్జును లాగి తీస్తారు. రక్తంలో కాన్సర్ ఉందా, ఉంటే ఏ రకమో తేల్చడానికి పెద్ద ల్యాబుకు పంపుతారు. అందులోని కణాలు బతికి ఉండాలి. చలి తగిలితే పాడైపోతాయి. మళ్లీ తీయాలంటే మళ్లీ ఆ సూదే. గోలీల సంగతి వేరు, ఇది వేరు. ఇరవై ఏండ్లలో కూలని విమానం ఇదిగో ఇక్కడ కూలుతోంది.

గోడకున్న కాగితంలో టైము చూశాను. పెట్టింది తొమ్మిదిన్నరకు. రెండు గంటలు. ఇప్పుడు తీసేస్తే పని జరగొచ్చు. ఇంకా ఆగితే చెప్పలేం. ఎలా జరిగిందో చూడనక్కరలేదు, నాకు తెలుసు. పొద్దున వాకీటాకీలో ప్రసన్నలక్ష్మి అక్క "రూం టెంపరేచర్ ఉపేందర్" అనడం నా చెవులతో విన్నాను. అది ఏ డబ్బా అని అడగలేదు. అడగడం మానేసి మూడు నెలలైంది కదా.

రెండు కిలోల పెట్టె. నేనే ఎత్తి హాల్లో పెట్టొచ్చు. కానీ రూంలోంచి ఏది కదిలినా స్కాన్ కొట్టాలి, కొట్టగానే మొగులయ్య ఫోన్లో మోగుతుంది. ఎందుకు తీశావంటే చెప్పాలి. చెబితే అక్క చెప్పిన మాట, ఉపేందర్ పెట్టిన చోటు, మొగులయ్య అవతల పడేసిన నా మెయిల్, అన్నీ ఒక్కసారి బయటికొస్తాయి. ఉపేందర్‌కు కిందటి వారమే ఒక వార్నింగు అయింది. ఇంకొకటైతే ఇంటికే.

ఉపేందర్ ఉద్యోగం పోతుందనే ఊరుకున్నానని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ చలిలో నిలబడి నేను ఆలోచించింది బగారన్నం గురించి. ఇవాళ ఒక్కరోజు. నా పుట్టినరోజు. అందరూ నా కోసం అట్టలు పరుస్తున్నారు. తిన్నాక మెల్లగా చెబుదాం, గంటలో కొంప మునుగుతుందా అనుకున్నాను. మునుగుతుందని తెలిసే అనుకున్నాను. తలుపు వేసి వచ్చేశాను.

భోజనం బ్రహ్మాండంగా జరిగింది. ఉపేందర్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. మొగులయ్య ఎముక నములుతూ, "మీ అమ్మకు మొక్కాలె షెకీనమ్మా" అన్నాడు. ప్రసన్నలక్ష్మి అక్క నా నోట్లో మైసూర్‌పాకు పెట్టి నా బుగ్గలు పుణికింది.

"మొదట్ల మస్తు బయపడ్డమే నీతోని. ఇప్పుడు మనిషివైనవ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.   గడియారం వైపు చూడకుండా ఉండటానికి నా డబ్బా మూత వైపే చూస్తూ కూర్చున్నాను.

ఒంటిగంటా పావుకు మొగులయ్య చేతులు కడుక్కుంటుంటే పక్కకు వెళ్లి నిలబడ్డాను. అప్పుడు కూడా సూటిగా చెప్పలేదు.

"అన్నా, నాకు సరిగ్గ తెల్వదు గానీ, రూంల ఒక తెల్ల డబ్బా ఉంది. ఫ్రిజ్‌ల పెట్టొద్దని రాసినట్టుంది. జర చూస్తవా?"

ఆయన వెళ్లి చూశాడు.  ఉపేందర్‌ను పిలవకుండా తనే తీసుకొచ్చి హాల్లో పెట్టాడు. ఇలాంటిది జరిగితే 'తప్పు కాగితం' అని ఒకటి రాసి, సరుకు పంపినవాళ్లకు తెలియజేయాలి. ఆయన ఆ కాగితాల పుస్తకం వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఏం గాదులే. ఉపేందర్‌గాని పొట్ట కొట్టుడెందుకు. ఎవ్వలికి చెప్పకు, బిడ్డా."

మొట్టమొదటిసారి ఆయన నన్ను బిడ్డా అన్నాడు. నేను సరేనన్నాను. నాలుగు గంటల విమానంలో ఆ పెట్టె వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజూ వాళ్లతోనే కూర్చుని తిన్నాను. ఎవరేం చెప్పినా నవ్వాను. వాళ్ల మధ్య కూర్చుని, ఆ ఇనుప మెట్ల మీద కన్నా ఒంటరిగా ఉన్నాను. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను? చెప్పుకోగలిగిన వాళ్లంతా ఆ అట్టల మీదే ఉన్నారు.

ఎనిమిదో రోజు పొద్దున పదకొండు గంటలకు కొరియర్ కుర్రాడితో పాటు ఒకాయన కౌంటర్ దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, భుజాన టవలు. రెండు చేతులతో ఒక తెల్ల పెట్టెను పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. కుర్రాడు, "వద్దన్న గానీ వినలే మేడం, తనే ఇస్తనని వచ్చిండు" అన్నాడు.

"నా పేరు దశరథం మేడం. జల్‌పల్లిల బట్టలు కుడ్త" అన్నాడు ఆయన. "గీ డబ్బా జర పైలంగ చూడాలె. పోయిన వారం ఒకటి పంపినం. ఆడికి పోయేసరికి ఖరాబైందంట. మల్ల తీసిండ్రు."

పెట్టె మీది కాగితం ఆయన చేతుల కింద ఉంది. "ఎవరిదన్నా?"

"మా ఇంటామెది. స్వరాజ్యం." ఆయన కుడి అరచేయి వెనక వైపు చూపించాడు. అర్ధచంద్రాకారంలో పళ్ల గుర్తులు, నల్లగా కమిలి ఉన్నాయి. "మొదటిపారి తీసినప్పుడే ఇగ నాతోని గాదన్నది. గీపారి ఇద్దరం పట్టుకున్నం. నొప్పికి కొరికింది. గా రిపోర్టు వస్తెనే మందు మొదలువెడ్తరంట. ఎనిమిది దినాలు పాయె."

నేను కాగితాలు తిరగేస్తున్నట్టు నటించాను. అక్షరాలు కనబడటం లేదు.

"ఒక్క మాట అడుగుత మేడం. సదువుకున్నోళ్లు, మీకు తెల్సి ఉంటది. పోయినపారి దవాఖానకెల్లి కొరియర్ ఆఫీసుదాంక నేనే తెచ్చిన, బండి మీద. మస్తు ఎండ. ఎండకే ఖరాబైందా? నాకు రోజు గదే పరేషాన్. నా తప్పుతోనే ఆమె మల్ల సూదికి పన్నదని."

ప్రసన్నలక్ష్మి అక్కకు అంతా అర్థమైంది. ఆమెకు మొగులయ్య చెప్పాడో, తనే ఊహించిందో నాకు తెలియదు. బల్ల కింద తన కాలితో నా కాలు నొక్కింది. "షెకీనా, ఊకో" అంది, పెదవులు కదలకుండా. 

తెల్వదన్నా అంటే సరిపోయేది. ఆయన తల ఊపి, తప్పు తనదే అనుకుంటూ వెళ్లిపోయేవాడు. బతికినంత కాలం అనుకునేవాడు.

"ఎండకు కాదన్నా. మీ తప్పు కాదు" అన్నాను. "గీడనే ఖరాబైంది. చల్లటి రూంల పెట్టినం. పెట్టొద్దు. నేను చూసిన."

"చూసి?"

"చూసి, అన్నం తినవోయిన."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నా ముఖంలోకి చూశాడు, నేను పరాచికాలాడుతున్నానేమో అన్నట్టు.

"పెట్టొద్దని నీకు తెల్సా?"

"తెల్సు."

"తెల్సి గూడ ఊకున్నవా?"

గట్టిగా కూడా అనలేదు. బడి నుంచి ఇప్పటిదాకా నన్ను ఎంతమంది తిట్టారో లెక్కలేదు, అందరూ తెలిసి చెప్పినందుకే తిట్టారు. తెలిసి ఊరుకున్నందుకు అడిగింది ఈయనొక్కడే. ఇన్నేళ్లలో నాకు నిజంగా తగిలిన మాట ఇదొక్కటే. తల ఎత్తలేకపోయాను.

ఆయన పెట్టెను కౌంటర్ మీది నుంచి మళ్లీ తన పొట్ట దగ్గరికి లాక్కున్నాడు. వెళ్లి గోడ పక్క బల్ల మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. సరుకు తీసుకునే గడువు మధ్యాహ్నం రెండింటి దాకా ఉంది. కొరియర్ కుర్రాడు ఏదో చెప్పబోతే చేత్తో ఆపేశాడు.

నేను తప్పు కాగితాల పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. మొదటి పేరు నాదే రాశాను. పదకొండున్నరకు చూశాను, ఒంటిగంటా పావుకు చెప్పాను, మధ్యలో భోజనం చేశాను. ఆ తర్వాత రూం అన్న మాట గురించి రాశాను, ఈసారి మూడు వరుసల్లో. మొగులయ్య పరుగున వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్? మా అందరి కొంపలకు నిప్పు పెడ్తున్నవా?"

"నా కొంపకే అన్నా, ముందు."

ఆయన వంగి కాగితం మీది టైములు చదివాడు. "గింత మనసుల పెట్టుకుని మా పక్కన కూసుని తిన్నవా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా వినబడింది.  ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, కానీ ఆయన ఉలకలేదు, వెనక్కి తిరిగి మెల్లగా నడిచాడు.

ఆయన వెనకాల తలుపు దగ్గర ఉపేందర్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవాలని కోరుకున్నాను.

"నాకొక్కమాట చెప్తే అయిపోవు గదక్కా" అన్నాడు. "గప్పుడే తీస్తుంటి. నువ్వు చెప్తే నేను ఇనకపోదునా?"

 అతను చిన్నబుచ్చుకుంటాడని, నన్ను దూరం పెడతాడని నేనే అనుకున్నాను. అతన్ని ఒక్కసారీ అడగలేదు. వాళ్లకు చెప్పినా అర్థం కాదని, చెబితే పడదని, అది కూడా నా తెలివే నాకు చెప్పింది.

పన్నెండయింది. ప్యాకింగు మూలన అట్టలు పరిచిన చప్పుడు వినబడింది. నన్ను ఎవరూ పిలవలేదు. ప్రసన్నలక్ష్మి అక్క తన డబ్బా తీసుకుని నా వైపు చూడకుండా లేచి వెళ్లింది. నాకు ఆకలి కూడా లేదు. కౌంటర్ అవతల దశరథం, ఇవతల నేను. ఒకసారి మంచినీళ్ల బాటిలు తీసుకెళ్లి ఆయన పక్కన పెట్టాను. ఆయన దాన్ని ముట్టలేదు, పెట్టెను మాత్రం అవతలి వైపుకు జరుపుకున్నాడు.

రెండుకు పది నిమిషాల ముందు కొరియర్ కుర్రాడు గడియారం చూపించాడు. దశరథం లేచాడు. కౌంటర్ దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు. మొగులయ్య వచ్చి చేయి చాచాడు. ఆయన ఇవ్వలేదు. పళ్ల గుర్తులున్న ఆ చేత్తోనే పెట్టెను నా వైపు నెట్టాడు.

"ఇంకోపారి అంటే ఆమె తియ్యనియ్యదు" అన్నాడు. "నీకు తెల్సు గదా. నువ్వే పెట్టు."

ఆ మాటలో మెచ్చుకోలు లేదు, క్షమించడం అసలే లేదు. వేరే దారి లేక అన్న మాట. నేను రెండు చేతులా పెట్టె అందుకున్నాను. హాల్లోకి తీసుకెళ్లి, గోడ మీది డిగ్రీలు చూసి, బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడ్డాను. నాలుగింటికి విమానం ఎక్కించేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ రెండు గంటల్లో ఎవరూ నా వైపు రాలేదు.